నాలుగో విస్తరాకు

పెత్రమాస నాడు పోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇచ్చే పనిని లక్ష్మీనర్సమ్మ ఏనాడూ ఇంకొకరి చేతికి వదల్లేదు. ఆ పొద్దున తలస్నానం చేసి, బియ్యం, పెసరపప్పు, గుమ్మడికాయ, చింతపండు సంచిలో సర్దుకుని, పెన్‌పహాడ్ దాకా ఆటోలో, అక్కడి నుంచి సూర్యాపేటకు బస్సులో ఒక్కతే పోయేది. ఇంటి ముందర కారు పెట్టుకుని ఇదేం చాదస్తమమ్మా అని అందరూ మొత్తుకున్నారు. వింటేనా! చిన్న కోడలు తోడొస్తానంటే కరిచినంత పని చేసేది. "మా ఇంటి పెద్దలు, నేను పెట్టుకుంట. నడిమిట్ల నీకెందుకే?" అని సంచి చంకన పెట్టుకుని గడప దాటేది.

ఈ ఏడు ఆ పంతం సాగలేదు. స్నానాల గదిలో కాలు జారి ముసలామె తుంటి విరిగింది. సూర్యాపేట దవాఖానాలో రాడ్డు వేసి పంపారు. మంచం దిగే యోగం లేదు. అప్పుడన్నా ఊరుకుందా? "ఈ ఒక్క ఏడు బియ్యం ఇయ్యకుంటే మునిగిపోయేదేం లేదు, అయ్యగారిని ఇంటికి పిలువొద్దురా" అని పెద్దకొడుకు సురేందర్ రెడ్డిని బతిమాలింది. ఏనాడూ ఒక్క పండుగ తప్పని మనిషి నోటి నుంచి ఆ మాట వచ్చేసరికి ఆయన నోరెళ్లబెట్టాడు.

"నాయినకు బియ్యం ఇయ్యకపోతే ఊర్లె తలకాయ ఎట్ల ఎత్తుకోవాలెనే? రేపు సర్పంచికి నిలబడేటోన్ని," అన్నాడు.

సురేందర్ రెడ్డికి మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. ఊళ్లో పొలం ఉంది. పదిమందిలో పరువుంది. ఆ పరువు మీద ఈగ వాలినా ఓర్చుకోడు. అందుకని అమ్మ ఏటా ఏ అయ్యగారికి బియ్యం ఇస్తుందో ఆరా తీసి, ఆయన్నే పొద్దున్నే కారులో పిలిపించాడు. చేజేతులా తెచ్చుకోవడమంటే ఇదే మరి.

ఆ ఇంటి చిన్నకోడలు ఉషారాణి వాకిలి అలికి, ముగ్గేసి, విస్తరాకులు కడిగింది. రెండంతస్తుల మేడ అది. మామ తండ్రి కట్టించాడు. పైగదులకు తాళాలేసి ఏళ్లయింది. వాటి చెవులెక్కడున్నాయో ఇంట్లోవాళ్లకే తెలియదు, గబ్బిలాలకు మాత్రం దారి తెలుసు. వానొస్తే గోడలు తడిసి సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. పెద్దకోడలు పద్మ ఆ ఇల్లంటే భయమని మిర్యాలగూడలోనే ఉంటుంది. పండుగ కదా అని నిన్న వచ్చి, పొద్దున్నే ఉషారాణి కూతురు శ్రుతిని వెంటేసుకుని సాయంత్రం బతుకమ్మకు పూలు కొనడానికి సూర్యాపేట బజారుకు పోయింది.

ఉషారాణి మెడలో పుస్తెలున్నాయి, నుదుట బొట్టుంది. మొగుడు మాత్రం లేడు. గోపాల్ రెడ్డి తొమ్మిదేళ్ల కింద రాఖీ పున్నమప్పుడు మాయమైపోయాడు. ఆ వారం ఆమె అన్నకు రాఖీ కట్టడానికి తుంగతుర్తిలో పుట్టింట్లో ఉంది. తిరిగొచ్చేసరికి మనిషి లేడు. బండి కోదాడ బస్టాండులో దొరికింది. కోదాడ దాటితే ఆంధ్రా. ఇంకేముంది, ఎవతెతోనో లేచిపోయాడన్నారు. ఆ 'ఎవతె'ను కళ్లారా చూసినవాడు ఒక్కడు లేడు. అయినా ఊరు ఊరుకుంటుందా? ఆమెకు ఒక రంగు పెట్టింది, ఒక ఎత్తు పెట్టింది, ముక్కుపుడక కూడా పెట్టింది. మొగుణ్ణి కట్టేసుకోవడం చేతకానిదని ఉషారాణికి పేరు పెట్టింది.

మొదట్లో ఆమె ఏడ్చింది. తర్వాత తిట్టుకుంది. తర్వాత తర్వాత ఆయన మొఖం గుర్తొస్తే చాలు, కడుపులోంచి అసహ్యం పుట్టేది. నాన్న ఎక్కడున్నాడని శ్రుతి అడిగినప్పుడల్లా, "సచ్చినోని సంగతి నాకెందుకడుగుతవ్" అని కసిరేది. అది తిట్టే కానీ మాట కాదు. ఎక్కడో బతికే ఉన్నాడని, ఒకనాడు జుట్టు నెరిసి గడపలోకి వస్తాడని, ఆ రోజు చెప్పు తీసుకుని రెండు పీకి లోపలికి రానివ్వాలని ఆమె మనసులో గట్టిగా ఉండేది. అది ఎవరితోనూ అనలేదు.

అయ్యగారు కోదాడ మనిషి, సూర్యాపేట గుడిలో పూజారి. సన్నగా, నెమ్మదిగా ఉంటాడు. పీట మీద కూర్చుని ఉషారాణి పరిచిన విస్తరాకులు చూశాడు.

"ఇంకోటి వేయండమ్మా. నాలుగు కదా," అన్నాడు.

"మూడే అయ్యగారు. మా మామ, ఆయన అమ్మానాయిన. అంతే."

"కాదమ్మా, పెద్దమ్మగారు ఏటా నాలుగిస్తారు. నాకు బాగా గుర్తు. నాలుగోది చిన్నవయసులో పోయిన అబ్బాయిది." ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "గోపాల్ రెడ్డి కదూ ఆ బాబు పేరు?"

ఉషారాణి చేతిలో ఇంకో విస్తరాకు ఉంది. దాని అంచు నుంచి నీళ్లు ఆమె పాదాల మీద కారుతున్నాయి. విన్నది అర్థం కాక బావ వైపు చూసింది.

ఆ క్షణంలో సురేందర్ రెడ్డి 'ఏందీ, మా తమ్ముడు సచ్చిపోయిండా?' అని అడిగి ఉంటే ఈ కథ లేదు. అతను అలా అడగలేదు. రక్తం ఇంకిపోయిన మొఖంతో, "మీకెవలు చెప్పిన్రు?" అన్నాడు.

ఆ మాట నోట్లోంచి వచ్చాకే నోరు జారానని తెలిసినట్టుంది. గొంతు సవరించుకుని మరదలి వైపు తిరిగాడు. "గదేం లేదు ఉషా. ఏడేండ్లు కనబడకపోతే పోయినట్టే లెక్కని అప్పట్ల వకీలు అన్నడు. అమ్మ గది ఇని బియ్యం ఇస్తున్నట్టుంది. ముసలిది, దాని సంగతి నీకెరికలేదా?"

"అబ్బే, నిన్నా మొన్నటి మాట కాదండీ," అన్నాడు అయ్యగారు. పాపం ఆయనకేం తెలుసు! "నేనా గుడికి వచ్చిన తొలి మహాలయ అమావాస్యప్పుడే ఇచ్చారు. అబ్బాయి ఎప్పుడు పోయాడమ్మా అంటే, మొన్న శ్రావణంలో అన్నారు. సంవత్సరీకం కాకుండా ఇవాళ పేరు చెప్పకూడదమ్మా అన్నాను. వినలేదు. నా బిడ్డ ఆకలితో ఉన్నాడయ్యా అని కాళ్ల మీద పడిపోయారు. పెద్దావిడ, కాదనలేకపోయాను."

మొన్న శ్రావణంలో. ఉషారాణి లెక్క కట్టుకుంది. ఆ తొలి పెత్రమాసకు గోపాల్ మాయమై నెలన్నర కూడా కాలేదు. అప్పుడు ఈ బావే తమ్ముడి ఫొటో పట్టుకుని విజయవాడ స్టేషన్లన్నీ గాలిస్తున్నాడు. అత్త ఇదే వాకిట్లో కూర్చుని, 'నా కొడుకు ఎప్పుడొస్తడో' అని వచ్చేపోయేవాళ్ల చేతులు పట్టుకుని ఏడుస్తోంది. ఆ ముసలిదే గుట్టుగా సూర్యాపేట పోయి, కొడుకు చచ్చాడని అయ్యగారికి చెప్పి బియ్యం ఇచ్చి వచ్చిందన్నమాట. ఒక్క పూట కూడా ఆకలి పడనీయొద్దని! బతికున్నాడని ఊరందరినీ నమ్మించింది కానీ, కొడుకు పైలోకంలో పస్తుంటాడేమోనన్న భయాన్ని మాత్రం ఆపుకోలేకపోయింది.

అరవాలనిపించింది. అరిస్తే ఏమవుతుంది? ఇంట్లో ఉన్నది బావ, మంచాన పడ్డ అత్త, తను. ఇంకో నిమిషంలో ఈ అయ్యగారు కూడా వెళ్లిపోతాడు. వంగి, నాలుగో విస్తరాకు పరిచింది. దోసిలితో బియ్యం పోసింది. పప్పు పెట్టింది. గోపాల్‌కు ఇష్టమని బీరకాయ పెట్టింది. బావ వైపు చూడకుండా ఒక్కో దాన్నీ మెల్లగా పెట్టింది.

"మీ తమ్ముడి పేరు చెప్పి నువ్వులు, నీళ్లు విడవండి బాబూ," అన్నాడు అయ్యగారు.

సురేందర్ రెడ్డి చెంబు ఎత్తాడు. నీళ్లు విస్తరిలో పడలేదు. పక్కనున్న ముగ్గు మీద పడి ముగ్గు కరిగిపోయింది. ఇంకోసారి పోశాడు, అదీ పక్కకే పోయింది. పేరు మాత్రం పెదవి దాటలేదు. అయ్యగారే పలికి కానిచ్చేశాడు.

అయ్యగారు మూటలు కట్టుకున్నాక, తనే కారులో పెన్‌పహాడ్ దాకా దించి వస్తానన్నాడు సురేందర్ రెడ్డి. మెట్లు దిగినవాడు మళ్లీ వెనక్కి వచ్చాడు.

"నీ ఫోన్ ఇట్లియ్యి ఉషా. నా దాంట్ల చార్జింగ్ లేదు."

ఇచ్చింది. ఇవ్వకపోతే ఎందుకివ్వవని అడుగుతాడు.

"నేనొచ్చేదాక అమ్మ కాడికి పోకు. గోలి ఏసుకొని పండుకుంది. నువ్వు వంట సూసుకో. నేనొచ్చినంక అన్నీ మాట్లాడుకుందం."

పెద్ద దర్వాజ బయటి నుంచి గొళ్లెం పడిన చప్పుడు వినబడింది. పట్టపగలు, ఇంట్లో మనుషులుండగా, ఆ దర్వాజకు బయట గొళ్లెం పెట్టడం ఆమె ఎన్నడూ చూడలేదు. కారు సందు తిరిగేదాకా స్తంభం పట్టుకుని నిలబడింది. ఆ తర్వాత పొయ్యి దగ్గరికి పోలేదు. నేరుగా అత్త గదికి పోయింది.

లక్ష్మీనర్సమ్మ నిద్రపోవడం లేదు. మంచం మీద వెల్లకిలా పడుకుని, తెరిచిన కిటికీ వైపు మొఖం పెట్టి ఉంది. వాకిట్లో మాటలన్నీ ఆ కిటికీలోంచి లోపలికి వస్తాయి.

"ఇన్నవు గద," అంది తల తిప్పకుండానే.

"ఇన్న."

"కాకులకు ముద్దలు పెట్టినవా? నాలుగోది మేడ మీద పెట్టకు బిడ్డా. బావి మీద పెట్టు."

ఏ బావి అని అడగాల్సిన పని లేదు. ఆ ఇంటికి ఒక్కటే బావి ఉండేది, ఈ కిటికీకి ఎదురుగా, కొట్టం పక్కన. బోర్లొచ్చాక ఎండిపోయి, అడుగున మోకాలి లోతు బురద మిగిలింది. గోపాల్ పోయిన వారంలోనే దాన్ని పూడ్చేశారు. పెయ్యదూడ పడిందని, పిల్లలు తిరిగే ఇల్లని, సురేందర్ రెడ్డి మిర్యాలగూడ మిల్లు నుంచి బాయిలరులో కాలిన ఊక బూడిద ట్రాక్టర్లకు ట్రాక్టర్లు తెప్పించి పోయించాడు. పైన సిమెంటు పలకేశాడు. పుట్టింటి నుంచి వచ్చిన ఉషారాణి ఆ బూడిద చూసి విసుక్కుంది. వాకిలంతా నల్లగా పరుచుకుంటే తనే ఊడ్చింది. ఆరేసిన బట్టలకు అంటుకుంటే తనే మళ్లీ ఉతికింది. శ్రుతి దాంట్లో ఆడుకుంటే వీపు మీద ఒకటి వేసి ఎత్తుకొచ్చింది.

ఆమె మంచం కోడు పట్టుకుని కింద కూలబడింది. "ఎట్ల?" అంది.

"పంపకాల కాడ లొల్లయింది. సిన్నోడు ఏరు పడతనన్నడు, నీకెరికే గద. బావి కాడ నిలబడి ఇద్దరు మాటకు మాట అనుకున్నరు. పెద్దోడు నూకిండు. సంపాలని కాదు బిడ్డా, నా కండ్లతోని సూసిన. ఒర రాయికి తలకాయ తాకి లోపల పడ్డడు. పిలిస్తే పలకలే. ఇద్దరం పోయిండనే అనుకున్నం."

"అనుకున్నరా?"

ముసలామె గోడకున్న టీవీ వైపు చూస్తూ ఉండిపోయింది. ఉషారాణి లేచి ఆమె భుజం పట్టుకుంది. విరిగిన తుంటి అని కూడా చూడకుండా తన వైపు తిప్పుకుంది.

"అత్తమ్మా. అనుకున్నరంటే ఏంది?"

"పెద్దోడు వణుక్కుంట తమ్ముని బండి తీసుకొని కోదాడ పోయిండు. పొద్దుగాల ట్రాక్టర్లతోని వస్త, ఎవర్ని రానీకన్నడు. నేనొక్కదాన్నే ఉన్న. వాన పడ్డది. సినుకులు మీద పడ్డయేమో, వానికి తెలివొచ్చింది. అమ్మా అని పిల్సిండు."

ఉషారాణి ఆ భుజం వదిలి మళ్లీ కింద కూర్చుంది.

"కాలు ఇరిగిందే, తాడు ఎయ్యే అన్నడు. ఎవరికి చెప్పనే, అన్నను ఏమననే, ఎయ్యే అన్నడు. ఉషకు ఫోన్ చెయ్యే, దాన్ని రమ్మను, అది గుంజుతది అన్నడు."

"నువ్వేం జేసినవ్?"

"తలుపు పెట్టుకున్న." ముసలామె కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. "కిటికీ పెట్టుకున్న. టీవీ పెద్దగ పెట్టిన. పొద్దుగాల ట్రాక్టర్లు వచ్చి పోయినంక బంద్ చేసిన."

వాకిట్లో కాకులు విస్తరాకుల మీద కొట్లాడుకుంటున్నాయి. ఉషారాణికి ఆ గోల ఎక్కడో దూరంగా వినిపించింది.

"వాడు పైకొస్తే ఊకుంటడా బిడ్డా? పోలీసులకు పోతుండె. లేకుంటె ఒకన్నొకడు పొడుసుకుంటుండె. ఇద్దర్ని పోగొట్టుకునేకంటె ఒక్కడన్న దక్కుతడనుకున్న. నన్నేమన్న అనుకో, నా మొఖాన ఉమ్మి. గని పెద్దోనికి మాత్రం చెప్పకు. వాడు లేసినట్టు వానికి తెల్వదు. నూకినందుకే వాడు తొమ్మిదేండ్ల సంది నిద్రపోతలేడు. ఇది తెలిస్తే బతుకడు. నీ కాళ్లు మొక్కుత ఉషా, వానికి చెప్పకు."

ఆయన తనను వదిలిపోలేదు. ఉషారాణికి ముందుగా తట్టింది అదే. లేచిపోలేదు, ఏ ముక్కుపుడకదానితోనూ పోలేదు, ఏరు పడి పెళ్లాంబిడ్డలతో వేరే కాపురం పెట్టుకుంటానని అడిగి చచ్చాడు. బురదలో పడి, కాలిరిగి, 'ఉషను రమ్మను, అది గుంజుతది' అన్నాడు. తనేమో తుంగతుర్తిలో అన్న పెట్టిన చీర కట్టుకుని సేమియా తింటోంది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు, ఆ మనిషిని నోరారా శపించింది. బిడ్డ చేత శపింపజేసింది. నన్ను వదిలిపోలేదయ్యా, నువ్వు నన్ను వదిలిపోలేదు అని లోపల్లోపల అనుకుంటూనే ఉంది.

కారు వచ్చిన చప్పుడైంది. గొళ్లెం తీశారు. ఉషారాణి కూర్చున్నచోటే ఉంది.

సురేందర్ రెడ్డి గుమ్మంలో ఆగాడు. కింద కూర్చున్న మరదల్ని చూశాడు, తల్లి మొఖం చూశాడు. చెప్పనవసరం లేకుండానే తెలిసిపోయింది. గది తలుపు వేసి, గడియ పెట్టి, తల్లి కాళ్ల దగ్గర మంచం మీద కూర్చున్నాడు. జేబులోంచి రెండు ఫోన్లూ తీసి పక్కన పెట్టుకున్నాడు.

"ఇగ తెలిసింది గద," అన్నాడు. కోపం లేదు. చాలా అలసిపోయిన మనిషిలా ఉన్నాడు. "ఒక్క నూకుడు ఉషా. గంతే. తమ్ముడు, సిన్నప్పుడు నా భుజాల మీద తిరిగినోడు. వాన్ని నేను సంపాలనుకుంటనా?"

ఆమె మంచం మీది ఫోన్ల వైపు చూసింది.

"శ్రుతిని నా బిడ్డ లెక్కనే సదివిస్తున్న. పద్మకు కొనంది దానికి కొనిస్తున్న. నీకేం తక్కువ చేసిన, చెప్పు. ఇప్పుడు ఇది బయటికొస్తే ఎవలికి లాభం? తండ్రి లేచిపోయిండంటేనే ఆ పోరి గింత చిక్కిపోయింది. పెదనాయిన తండ్రిని సంపిండంటే దానికి మొఖమెక్కడుంటది? జర ఆలోచించు." గొంతు మారింది. "ఆలోచించకున్నా సరే. నాకింక కొత్తగ పోయేదేం లేదు. ఒకసారి సేసినోన్ని..."

ఆ మాట పూర్తి చేయలేదు. చేతులు మాత్రం మోకాళ్ల మీద పిడికిళ్లు బిగుసుకున్నాయి. మూసిన తలుపు, ఎదురుగా ఆరడుగుల మనిషి, మంచం మీద కొడుకు వైపే చూస్తున్న తల్లి. తను అరిచినా ఆ తల్లి ఏం చేస్తుందో ఉషారాణికి ఇప్పుడు బాగా తెలుసు. శ్రుతి బజారు నుంచి వచ్చేసరికి 'మీ అమ్మ గూడ ఎటో పోయింది బిడ్డా' అని ఈ మనిషే కళ్లనీళ్లు పెట్టుకుని చెప్తాడని అనిపించింది.

"వాడు నొప్పి గూడ ఎరగడు ఉషా," అన్నాడు సురేందర్ రెడ్డి, మళ్లీ మెత్తబడి. "పడంగనే పాణం పోయింది. కండ్లు మూసి తెరిసేలోపల ఖతం. గదొక్కటి తలుసుకొనే నేను ఇంతకాలం బువ్వ తింటున్న."

లక్ష్మీనర్సమ్మ రెండు చేతులూ జోడించి కోడలి వైపు చూసింది. వద్దని తల అడ్డంగా ఊపింది.

ఉషారాణి ఆ చేతుల్ని చూసింది. తలుపు పెట్టుకున్నది ఆ చేతులే. కిటికీ మూసింది, టీవీ గొంతు పెంచింది ఆ చేతులే. ఆమెలో భయం ఉన్నట్టుండి ఎటుపోయిందో పోయింది.

"నొప్పి ఎరగడా?" అంది. "బావా, ఆయన పడంగనే పోలే. నువ్వు కోదాడ పోయినంక తెలివికొచ్చిండు. అమ్మా తాడు ఎయ్యే అని పిల్సిండు. అన్నను ఏమననే అన్నడు. మీ అమ్మ తలుపు పెట్టుకొని టీవీ సూసింది. పొద్దుగాల నువ్వొచ్చి, బతికున్నోని మీద బూడిద పోసినవ్."

సురేందర్ రెడ్డి నవ్వబోయాడు. నిజంగానే. అబద్ధం చెప్పినవాళ్లను చూసి నవ్వినట్టు మూతి ఒక పక్కకు పోయింది. తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా. అబద్దం చెప్తుంది గదనే?"

ముసలామె కళ్లు గట్టిగా మూసుకుంది. "నీ కోసమే గదరా," అంది. "నిన్ను దక్కించుకుందామనే గదరా కొడుకా."

అతను లేచాడు. ఉషారాణి గోడకు అంటుకుపోయింది, ఇక అయిపోయిందనుకుంది. అతను ఆమె వైపు చూడనే లేదు. గడియ తీయడం చేతకాక తలుపుతో కాసేపు పెనుగులాడి, బయటపడి, కొట్టంలోకి పోయాడు. చేతిలో గడ్డపారతో వచ్చాడు. సిల్కు లాల్చీ, జరీ పంచె, నుదుట పొద్దున పెట్టుకున్న విభూతి, ఆ వేషంతోనే బావి పలక మీద మొదటి దెబ్బ వేశాడు.

సిమెంటు గట్టిది. మూడో నాలుగో దెబ్బకు నెర్రె ఇచ్చింది. అతను గడ్డపార అవతల పడేసి, ఆ నెర్రెకు నోరు ఆనించి పిలవడం మొదలుపెట్టాడు.

"తమ్మీ! గోపాలూ! ఆగురా, వస్తున్న. తాడు తెస్తున్న. జర ఆగు తమ్మీ!"

మళ్లీ గడ్డపార ఎత్తాడు. మళ్లీ వంగి పిలిచాడు. పెచ్చులు లేచి మొఖం చీరుకుపోయింది. వేళ్లతో సిమెంటు ముక్కలు పీకుతుంటే పెచ్చుల కింది నుంచి నల్లటి బూడిద ఎగిరి లాల్చీ అంతా పట్టింది. మిల్లు ఓనరు, రేపటి సర్పంచి, ఎండలో నేల మీద బోర్లా పడి, భూమిలోకి చెయ్యి పెట్టి తమ్ముణ్ణి అందుకోమంటున్నాడు.

"ఉషా," అంది మంచం మీద నుంచి అత్త. మొఖం గోడకు తిప్పుకుని చెవులు రెండూ మూసుకుంది. "కిటికీ పెట్టు. ఆ టీవీ పెట్టు బిడ్డా, నీకు దండం పెడత. ఆ సప్పుడు నేను ఇనలేను."

ఉషారాణి టీవీ పెట్టలేదు. కిటికీ రెక్కల్ని గోడకు ఆనేదాకా బార్లా తీసింది. మంచం మీద నుంచి తన ఫోన్ తీసుకుని పోలీసులకు చేసింది. అవతల ఎవరో కుర్రవాడి గొంతు, ఓపికగా ఊరి పేరు, ఇంటి పేరు అడిగింది. చెప్పింది.

"ఏమైందమ్మా?"

"మనిషి పోయిండు సార్."

"ఎవరు పోయిండ్రు? మీకేమైతరు?"

"మా ఆయన. గోపాల్ రెడ్డి." మొగుడి పేరు నోట్లోంచి వచ్చి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు.

"ఎప్పుడు పోయిండమ్మా?"

తొమ్మిదేండ్లయిందని చెప్పబోయింది. బయట బావ ఇంకా పిలుస్తూనే ఉన్నాడు.

"ఇప్పుడే సార్," అంది. "ఇప్పుడే పోయిండు."

అని ఫోన్ చేతిలో పట్టుకునే, నెత్తి కొట్టుకుని, గొంతెత్తి శోకం పెట్టింది. పక్క వాకిళ్లలో బతుకమ్మకు పూలు సర్దుకుంటున్న ఆడవాళ్లు అది విని, పూలక్కడే వదిలేసి, చావింటికి వచ్చినట్టే కొంగులు నడుముకు చుట్టుకుని పరుగెత్తుకొచ్చారు.